ఒళ్ళో గిటార్, గోడకి గాజుపెట్టె

మా అన్నయ్యకు ఉన్నట్టుండి నా గిటార్ మీద గౌరవం పుట్టుకొచ్చింది. దాన్ని గాజుపెట్టెలో పెట్టి డాన్సు హాలు గోడకు తగిలించాలని నిశ్చయించుకున్నాడు. పెట్టె తయారై వచ్చేదాకా ఆ మాట నా చెవిన పడనివ్వలేదు. కొలతలు ఎలా తీశారా అని తర్వాత ఆరా తీస్తే, ఒక ఆదివారం నేను చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు వదిన బట్టలు కొలిచే టేపుతో గబగబా కొలిచేసిందని తెలిసింది.

ముందు ఆ గిటార్ సంగతి చెప్పాలి. దాన్ని భుజానికి తగిలించుకోరు, ఒళ్ళో పడుకోబెట్టుకుంటారు. అందుకే అందరూ ఒళ్ళో గిటార్ అంటారు. బేకలైట్ అనే గట్టి ప్లాస్టిక్‌తో పోసిన నల్లటి ఒళ్ళు, తీగల మీదుగా వంగిన రెండు ఇనప అయస్కాంతాలు, చిటికెన వేలికి అందేలా వాల్యూమ్ తిప్పే నాబ్. చూడటానికి చిన్నదే గానీ మంచి బరువు. కాసేపు వాయిస్తే తొడలు తిమ్మిరెక్కుతాయి. దీని తీగల్ని వేళ్ళతో నొక్కేది ఉండదు. ఎడమచేత్తో ఉక్కు కడ్డీ పట్టుకుని తీగల మీద ఆనించి జరుపుతాను, కుడిచేతి వేళ్ళకు లోహపు గోళ్ళు తొడుక్కుని మీటుతాను. తీగల కింద గీతలున్నాయి, కానీ అవి కంటికి దారి చూపడానికే. కడ్డీని ఆపవు. గీత మీద ఆగాలన్నా, వెంట్రుకవాసి ఇవతల ఆగాలన్నా నా చేతిలో పని. అందుకే అది మనిషి గొంతులా సాగుతుంది, గునుస్తుంది, అలుగుతుంది. మా మేనమామ రేడియోలు బాగుచేసేవాడు. ఎవరో దాన్ని బాగుచేయమని ఇచ్చి వెళ్ళి మళ్ళీ రాలేదు. మామయ్య చాలాకాలం ఎదురుచూసి చివరికి నా ఒళ్ళో పెట్టాడు.

మిల్లు కార్మికుల హాల్లో ఆదివారం మధ్యాహ్నం డాన్సు ఉంటుంది. రేడియోలు బీరువాలంత ఉన్న రోజుల్లోని ప్రేమపాటలు, నింపాదిగా నడిచే పాటలు. వచ్చేవాళ్ళంతా మా ఈడువాళ్ళే. వారమంతా మోకాళ్ళ నొప్పులని మూలిగేవాళ్ళు ఆ రెండు గంటలూ మోకాళ్ళున్న సంగతే మర్చిపోతారు. అన్నయ్య పాడతాడు. పోస్టుమాన్‌గా చేసి రిటైరైన బాబాయి తనకంటే పొడుగున్న బేస్ ఫిడేలు వాయిస్తాడు. ఆయన మాకు చుట్టం కాదు, ఊరందరికీ బాబాయే. నేను స్టేజీకి ఎడమవైపు, స్తంభం పక్కన, సగం కనబడీ కనబడకుండా కూర్చుంటాను.

మిగతా రోజుల్లో కట్టుడు పళ్ళు చేసే వర్క్‌షాప్‌లో పని. అచ్చులు పోయడం, మైనంలో పళ్ళు ఒకటొకటిగా నిలబెట్టడం, చిగుళ్ళు నునుపు చేయడం. ఆ హాల్లో నవ్వే నోళ్ళలో సగం నా చేతి పనే. మా అన్నయ్య పై వరుస కూడా నేను చేసిందే. పెళ్ళి చేసుకోలేదు. దానికి గిటారే మొగుడని వెనకాల అనుకుంటారట. ఎదురుగా అన్నా నాకేం నష్టం లేదు.

ఇక అసలు విషయం. అన్నయ్యకు అరవై దాటాయి. గొంతులో తీపి ఇప్పటికీ ఉంది, కాదనను. కానీ పై స్వరం పట్టుకుని నిలబడాల్సిన చోట గొంతు కాస్త కిందికి జారుతుంది. ఎక్కువ కాదు, వెంట్రుకవాసి. శ్రుతి దించుకుని పాడమని నేనూ చెప్పాను, బాబాయీ చెప్పాడు. "ముప్ఫయ్యేళ్ళప్పుడు ఏ శ్రుతిలో పాడానో చచ్చేదాకా ఆ శ్రుతిలోనే పాడతా" అని ఛాతీ విరుచుకున్నాడు. ఇంక చేసేదేముంది? ఆయన గొంతు జారిన చోటల్లా నేనూ జారడం మొదలుపెట్టాను. ఆయన పడిన చోటుకీ, నిలబడాల్సిన చోటుకీ మధ్య కడ్డీని మెల్లగా ఊపుతూ ఉంటాను. వినేవాళ్ళకు శ్రుతి తప్పినట్టు ఉండదు, గొంతు బొంగురుపోయేంత బాధతో పాడుతున్నట్టు ఉంటుంది. ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటారు. అన్నయ్య అదంతా తన ప్రతాపమేననుకుని తల వంచి దండం పెడతాడు.

అలా ఎందుకు మోశానంటే, ఒకప్పుడు ఆయన నన్ను మోశాడు కాబట్టి. నేను వోణీ వయసులో ఉండగా, ఆడపిల్ల పదిమంది ముందు కూర్చుని తొడల మీద పెట్టె పెట్టుకుని వాయించడమేమిటని అప్పటి హాలు కమిటీవాళ్ళు ముఖం చిట్లించారు. "అది వాయించకపోతే నేను పాడను" అన్నాడు అన్నయ్య. స్పీకర్ పెట్టె భుజాన వేసుకుని నాకు ముందు నడిచాడు. ఆ మాట నాకు ఎంత గుర్తంటే, ఆయన శ్రుతి తప్పిన ప్రతిసారీ అదే వినపడేది.

గాజుపెట్టె సంగతి వాళ్ళింట్లో భోజనాల దగ్గర బయటపడింది. నన్ను ప్రత్యేకంగా పిలిచి, నాకిష్టమైనవన్నీ వండారు. అప్పుడే అనుమానం రావాల్సింది. వదిన తమ్ముడు కూడా ఉన్నాడు. నాకు మరిది వరస. కొత్తగా కీబోర్డు కొన్నాడు, గది మధ్యలో స్టాండు మీద నిలబెట్టి పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు.

"చెల్లాయ్, హాలు సెక్రటరీగారు ఒక మాట అన్నారు" అన్నాడు అన్నయ్య, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా.

"ఏమన్నారేం?"

"పాటల్లో ఏదో శ్రుతి తప్పుతోందని హాల్లో అనుకుంటున్నారట."

వదిన వైపు చూశాను. ఆవిడ గ్లాసులో నీళ్ళు నిండుగా ఉన్నా మళ్ళీ పోస్తోంది.

"ఏది తప్పుతోందట?" అన్నాను.

"నీ గిటారే. ఇంకేముంది? పాతబడిపోయింది పాపం. లైట్ల వేడికి శ్రుతి దిగిపోతుందని నువ్వే చెప్పావు కదా. దాని తప్పు కాదు, నీ తప్పు అంతకన్నా కాదు. వయసు."

ఎవరి వయసని అడగాలనిపించింది. నోటిదాకా వచ్చింది. వదినా, మరిదీ, మరిది భార్యా అందరూ అక్కడే ఉన్నారు. మింగేశాను.

"అందుకే దాన్ని గౌరవంగా సాగనంపుదామనుకున్నాం" అన్నాడు అన్నయ్య, ఇప్పుడు కాస్త హుషారుగా. "హాల్లో గోడకి గాజుపెట్టె. లోపల మఖ్మలు గుడ్డ. కింద నీ పేరు. ఈ ఆదివారం నాతో మా బావమరిది కీబోర్డు వాయిస్తాడు. చివర్లో నువ్వొక పాట వాయించి, అందరి ముందూ దాన్ని పెట్టెలో పెడతావు. పూలగుత్తి కూడా చెప్పేశాను."

"మరి ఆ పై ఆదివారం నేనెక్కడ కూర్చోవాలి?"

"ముందు వరసలో. మహారాణిలా."

ఇంతలో మరిదికి సంతోషం ఆగలేదు. ఎంగిలి చెయ్యి కడుక్కుని కీబోర్డు ముందు నిలబడ్డాడు. "వదినగారూ, మీరు లేని లోటు తెలియనివ్వను. ఇదిగో వినండి" అని ఒక బటన్ నొక్కి, వేలు ఆనించాడు. స్పీకర్లోంచి నా గిటార్ మోగింది. అదే మోత, అదే జారుడు, కానీ ప్రతిసారీ ఒకేలా జారుతోంది. "ఇది మీరే" అన్నాడు. పాపం, నిజంగా నన్ను సంతోషపెడదామనే అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళ నా చేతి పని ఒక బటన్ అయి కూర్చుంది. పీట మీంచి లేచాను.

"అన్నయ్యా, అది వాయించకపోతే నేను పాడను అని ఒకప్పుడు అన్నావు, గుర్తుందా?"

అన్నయ్య బుర్ర గోక్కున్నాడు. "అన్నానా? అప్పటి రోజులు వేరు."

"సరే. ఆదివారం నా పాట నేను వాయిస్తాను. ఏ పాటన్నది నా ఇష్టం. ఎవరూ పాడొద్దు, ఎవరూ బటన్లు నొక్కొద్దు. పెట్టె సంగతి తర్వాత చూద్దాం" అని చెయ్యి కడుక్కుని వచ్చేశాను. దారి పొడుగునా ఏడుపొచ్చింది. బాధతో కాదు, కోపంతో వచ్చే ఏడుపు. అది ముక్కులోంచి మొదలవుతుంది.

రెండ్రోజుల తర్వాత వదిన వర్క్‌షాప్‌కి వచ్చింది. ఆవిడ పళ్ళు ఇంకా సొంతవే, ఆ గర్వం ఆవిడకు దండిగా ఉంది. పళ్ళ పని మీద రాలేదని గుమ్మంలోనే తెలిసింది. నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, బల్ల మీద వరసగా ఆరబెట్టిన దవడల వైపు కాసేపు చూసింది. నేను మైనం వేడిచేస్తూ తల ఎత్తలేదు.

"అమ్మాయ్, నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"నువ్వు మీ అన్నయ్యను మోస్తున్నావని. ఇంట్లో ఒక్కడే పాడుకుంటాడు కదా, అక్కడ నువ్వుండవు. అక్కడ వింటాను."

అంటే ఈవిడకు అన్నీ తెలిసే టేపు పట్టుకుని కొలిచింది.

"తెలిసి కూడా పెట్టె చేయించావా వదినా?"

"మావాడి కీబోర్డు కూడా ఆ పని చేస్తుందనుకున్నా. అన్ని బటన్లున్నాయి కదా. నిన్న ఇంట్లో ఇద్దరూ కలిసి వాయించి చూసుకున్నారు." వదిన కొంగు వేలికి చుట్టుకుంది. "ఆయన గొంతు ఒక దారి, అది ఒక దారి. మావాడేమో బావగారు ఉద్వేగంలో ఉన్నారనుకున్నాడు. ఆయనేమో మిషను సెట్టింగు సరిగ్గా లేదన్నాడు. నాకే గుండెల్లో రాయి పడింది."

"ఆ బటన్లకు జాలి ఉండదు వదినా. ఎక్కడ మోగాలో అక్కడే మోగుతాయి."

"అందుకే వచ్చా. ఆదివారం ఆయన పాడుతుంటే నువ్వూ పక్కన వాయించు. ఎప్పట్లాగే. అందరూ మెచ్చుకుంటారు, ఆయన పరువు నిలుస్తుంది. ఆ తర్వాత గిటార్ పెట్టెలో పెట్టేద్దువుగాని."

నవ్వొచ్చింది నాకు. "అంటే ఆయన్ని ఒడ్డున పడేసి నన్ను గోడకి తగిలించుకోమంటావు. మరి ఆ పై వారం ఎవరు మోస్తారు?"

వదిన వేలికి చుట్టిన కొంగు విప్పింది. "అంతదూరం ఆలోచించలేదు. ఆయనకు తెలిస్తే పాడటం మానేస్తాడే. పాట మానేసిన మనిషితో పొద్దస్తమానం ఒకే ఇంట్లో నేను బతకలేను. పోనీ నువ్వే ఆయనతో నెమ్మదిగా చెప్పు."

"ఇప్పుడు చెప్తే కుళ్ళుతో అంటున్నాననుకుంటాడు. శ్రుతి దించుకోమని చెప్పినన్నాళ్ళు చెప్పాను, చెవిన వేసుకోలేదు. నా గిటార్ తప్పని పదిమందీ అనుకుంటుంటే ఆయనా తల ఊపాడు చూడు, అక్కడ తెగింది నాకు. ఇంక మొయ్యను."

"అయితే ఆదివారం ఏమవుతుంది?"

"పెట్టె చేయించేటప్పుడు నన్నడిగారా? ఇప్పుడూ అడక్కండి."

ఆవిడ ముఖం చిన్నబోయింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "టీ కూడా ఇవ్వలేదు నువ్వు" అంది. నిజమే, ఇవ్వలేదు. ఆ సాయంత్రం గిటార్‌కి కొత్త తీగలు వేసుకున్నాను. ఉక్కు కడ్డీని పళ్ళు మెరుగుపెట్టే చక్రం మీద పెట్టి ముఖం కనబడేంతగా తోమాను.

ఆదివారం హాలు నిండిపోయింది. సెక్రటరీగారు కొత్త చొక్కా వేసుకున్నారు. గోడ మీద గాజుపెట్టె, లోపల ఎర్ర మఖ్మలు. నిజం చెప్పొద్దూ, పనితనం బాగుంది. కింద ఇత్తడి రేకు మీద నా పేరు చెక్కారు, ఏదో పోయినవాళ్ళకి చెక్కినట్టు. నా కుర్చీ ఎప్పట్లాగే స్తంభం పక్కన ఉంది. గిటార్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, స్పీకర్ వైరు మాత్రం తగిలించలేదు. మరిది కీబోర్డు స్టేజీ మధ్యలో ఉంది.

మొదటి పాట గట్టెక్కింది. అది కాస్త చురుగ్గా నడిచే పాట, గొంతు ఎక్కడా ఎక్కువసేపు నిలబడక్కర్లేదు. రెండోది నిదానమైనది. పల్లవి చివర ఒక స్వరం పట్టుకుని జంటలు ఒక చుట్టు తిరిగేదాకా నిలపాలి. అన్నయ్య కళ్ళు మూసుకుని పట్టుకున్నాడు. జారింది. కీబోర్డు జారలేదు. రెండింటి మధ్య సందు హాలంతా వినబడింది. కళ్ళజోళ్ళ దుకాణం దంపతులు, ఏనాడూ అడుగు తప్పనివాళ్ళు, ఆగిపోయి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో దగ్గారు. నవ్వలేదు ఎవరూ. నవ్వి ఉంటే కొంత నయంగా ఉండేది. మరిది తన మోత బావగారికి సరిగ్గా వినపడటం లేదేమోనని వాల్యూమ్ పెంచాడు.

అప్పుడు అన్నయ్య నా వైపు చూశాడు. ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేసి, అది లేదని తెలిసినప్పుడు మనిషి ఎలా చూస్తాడో అలా చూశాడు. ఆయన నన్ను వెతకడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ వెతకాల్సిన అవసరం రాలేదు.

నా ఎడమచెయ్యి కడ్డీ వైపు పోయింది. అలవాటైన చెయ్యి కదా, నన్ను అడగలేదు. దాన్ని తొడ కింద పెట్టుకుని అదిమిపట్టాను. ఆయన మీద జాలేసింది, చాలా జాలేసింది. అయినా చెయ్యి తియ్యలేదు. పాట ఎలాగో ముగిసింది. చప్పట్లు మర్యాదకు కొట్టారు. అన్నయ్య మైకు బాగాలేదని గొణిగి, పక్కకు వెళ్ళి నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

సెక్రటరీగారు గండం గడిపేద్దామని కార్యక్రమం ముందుకు జరిపి మైకు అందుకున్నారు. "మనకు ఎంతోకాలం సేవ చేసి, ఈమధ్య వయోభారంతో కాస్త శ్రుతి తప్పుతున్న ఈ వాయిద్యానికి ఇవాళ మనం విశ్రాంతి ఇస్తున్నాం."

"విశ్రాంతి ఎవరడిగారండీ?" అన్నాను మూలలోంచి.

హాలంతా ఇటు తిరిగింది. నేను లేచి గిటార్ ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో కుర్చీ ఈడ్చుకుంటూ స్టేజీ మధ్యకు వచ్చాను. కర్రనేల మీద కుర్చీ కాళ్ళు కీచుమన్నాయి, ఎత్తి పట్టుకోవాలని నాకు అనిపించలేదు. కీబోర్డు అడ్డం వచ్చింది. "మరిదిగారూ, కాస్త జరగండి" అన్నాను. ఆయన కీబోర్డుతో సహా జరిగాడు. ఎవరూ పిలవకపోయినా బాబాయి బేస్ తీసుకుని నా వెనక వచ్చి నిలబడ్డాడు.

వైరు తగిలించాను. స్పీకర్ గురగురమంది. మైకు నా వైపు వంచుకున్నాను.

"పెట్టెలో పెట్టే ముందు ఒక పాట అన్నారు. వాయిస్తాను. పెట్టెలో పెడతానని మాత్రం నేను ఎవరికీ మాటివ్వలేదు. శ్రుతి తప్పుతోందో లేదో మీ చెవులతో మీరే వినండి."

మా అన్నయ్య పేరు నిలబెట్టిన పాటే ఎత్తుకున్నాను. పోయినవాళ్ళు తిరిగి రావాలని కాదు, పోయేముందు ఒక్కసారి వెనక్కి చూసి ఉంటే చాలుననే పాట. ఆయన ముప్ఫయ్యేళ్ళప్పుడు పాడిన శ్రుతిలోనే ఎత్తుకున్నాను. కడ్డీని ఊపలేదు. వణుకూ లేదు, ఏడుపూ లేదు. ఒక్కో స్వరం గీత మీద నిలబెట్టి, చిటికెన వేలితో నాబ్ తిప్పుతూ మెల్లగా పెంచాను. లైట్ల వేడికి తీగలు సాగి శ్రుతి కాస్త దిగుతుంది, ఆ మాట నిజమే. దిగినప్పుడు కడ్డీని చెవి చెప్పినంత జరుపుతాను. దీనితో ఇన్నేళ్ళు కాపురం చేసిందాన్ని, దాని కోపాలు నాకు తెలీవా? పల్లవి చివరి స్వరం దగ్గర కళ్ళజోళ్ళ దంపతులు పూర్తి చుట్టు తిరిగారు. వాళ్ళ వెనక ఇంకో జంట లేచింది. సెక్రటరీగారు పూలగుత్తి ఎవరికివ్వాలో తెలియక కుర్చీలో పెట్టేశారు.

నాకు గర్వంగా అనిపించింది. ఎందుకు దాచుకోవాలి? స్తంభం చాటున కూర్చుని ఇంకొకరి గొంతుకు అతుకులు వేసిన చెయ్యి ఇదేనా అనుకున్నాను. పాట మొత్తం అలాగే వాయించి లేచిపోవచ్చు. నేను గెలిచినట్టే. కానీ చరణం అయ్యేసరికి అన్నయ్య ఇంకా ఆ గ్లాసు పట్టుకునే ఉన్నాడు. ఆయన నా చేతిని చూస్తున్నాడు, ఎప్పుడూ చూడనట్టు. పెదాలు కదులుతున్నాయి, గొంతు రావడం లేదు.

"బాబాయ్, రెండు గీతలు కిందికి" అన్నాను వెనక్కి తిరక్కుండా.

కడ్డీని రెండు గీతలు దించి పల్లవి మళ్ళీ ఎత్తుకున్నాను. మొదటి వాక్యం వాయించి ఆగాను. బాబాయి ఆగలేదు, బేస్ నడుస్తూనే ఉంది. మళ్ళీ అదే వాక్యం వాయించి మళ్ళీ ఆగాను, అన్నయ్య కళ్ళలోకి చూస్తూ. డాన్సు చేసేవాళ్ళు ఉన్నచోటే అడుగులు వేస్తున్నారు. అక్కడ ఆయన గొంతు నిలబడుతుందని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఇన్నేళ్ళూ దిగనని మొండికేసింది ఆ రెండు గీతలే.

అన్నయ్య గ్లాసు కింద పెట్టాడు. మైకు దగ్గరికి పోలేదు, వచ్చి నా కుర్చీ పక్కన నిలబడ్డాడు. మూడోసారి వాక్యం ఎత్తుకోగానే కలిశాడు. గొంతు మొదట్లో పిల్లిలా వచ్చింది. తర్వాత తేరుకుంది. పల్లవి చివరికి వచ్చాం. ఆ స్వరం దగ్గర పాత అలవాటు కొద్దీ గొంతు మళ్ళీ కాస్త కింద పడింది, వెంట్రుకవాసి. నా చెయ్యి జారబోయింది. ఆపాను. కడ్డీ గీత మీదే ఉంది. మోత కదలకుండా అలాగే నిలబెట్టాను.

అప్పుడు విన్నాడు అన్నయ్య. తన గొంతు ఎక్కడుందో, నేను ఎక్కడున్నానో విన్నాడు. తల తిప్పి కడ్డీ వైపు చూశాడు. కింద ఒక క్షణం తడుములాడి, మెల్లగా పైకి వచ్చి, నేనున్న చోట నిలబడ్డాడు. జంటలు చుట్టు పూర్తిచేసేదాకా ఇద్దరం కదల్లేదు.

అందరూ వెళ్ళాక తీగలు తుడుస్తుంటే వచ్చి స్టేజీ అంచు మీద కూర్చున్నాడు. వదిన దూరంగా కప్పులు సర్దుతూ చెవులు ఇటే వేసింది.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు.

"ఏది?"

"నటించకు."

"నీ పై వరుస పళ్ళు కట్టకముందు నుంచి."

"చెప్పొచ్చుగా" అన్నాడు.

"శ్రుతి దించుకోమని చెప్పాను, వినలేదు. సరే, అది నీ పట్టుదల. కానీ వాళ్ళు నా గిటార్ తప్పన్నప్పుడు నువ్వెందుకు తల ఊపావు?"

నేల చూస్తూ, "నేను కాదంటే ఇంకెవరు అని అడుగుతారని భయమేసింది" అన్నాడు. అంటే ఎక్కడో ఒక మూల ఆయనకూ తెలుసన్నమాట. అది విని నాకు కోపం రావాల్సింది. వచ్చింది కూడా. అయినా నిజం చెప్పాడు కదా అని ఊరుకున్నాను.

సెక్రటరీగారు హాలు సర్దుతూ వచ్చి, అలవాటు ప్రకారం నా కుర్చీని స్తంభం పక్కకు జరపబోయారు. "దాన్ని అక్కడే ఉండనివ్వండి" అన్నాను. ఆయన అన్నయ్య వైపు చూశారు. అన్నయ్య, "అది చెప్పినట్టే చెయ్యండి" అన్నాడు. ఇప్పుడు స్తంభం పక్క మూలలో మరిది కూర్చుంటున్నాడు. బాగానే వాయిస్తాడు. ఆ ఒక్క బటన్ మాత్రం నొక్కొద్దని చెప్పాను.

ఆ రోజు వెళ్ళబోతూ అన్నయ్య గోడ వైపు చూశాడు. "మరి ఈ పెట్టె ఏం చేద్దాం? మంచి కర్ర పెట్టి చేయించాను."

"నీ ముప్ఫయ్యేళ్ళ శ్రుతి ఉందిగా, అందులో పెట్టి తాళం వెయ్యి. చూడాలనిపించినప్పుడు గాజులోంచి చూసుకుందువుగాని."

ఒక్క క్షణం ముఖం గంటుపెట్టుకున్నాడు. తర్వాత నవ్వాడు, నోరారా. నేను మాత్రం గిటార్ మోసుకెళ్ళే పెట్టె మూస్తూ, నేను కట్టిన ఆ పై వరుస పళ్ళ వైపే చూశాను. ఇంకా బిగువుగానే ఉంది, వదులు కాలేదు.